ఓడ జాబితాలో ఊరి పేరు, సముద్రం అడుగున వెలుగు

మీలో చాలామంది ఎన్‌2 రోడ్డు మీద రిచర్డ్స్ బే వైపు వెళ్లేటప్పుడు మ్టుంజిని ఊరు దాటే ఉంటారు. జులు భాషలో ఆ పేరుకు నీడపట్టున ఉన్న చోటు అని అర్థం. డర్బన్ నుంచి గంటన్నర ప్రయాణం. దారంతా చెరకు తోటలు, ఊళ్లో పెద్ద పెద్ద రాఫియా చెట్లు, ఆ తర్వాత సముద్రం. చూడటానికి ఇంకేమీ ఉండదు. కానీ ఆ తీరంలోని ఇసుక కింద నుంచే మూడు పెద్ద కేబుళ్లు సముద్రంలోకి దిగుతాయి. వాటి పేర్లు సేఫ్, సీకామ్, ఈసీ.

2024 మే 12న, ఆదివారం, మాతృదినోత్సవం నాడు, సీకామ్, ఈసీ రెండూ డర్బన్‌కు ఉత్తరంగా మన తీరానికి దగ్గరలోనే తెగిపోయాయి. మా ఇంట్లో ఏ తేడా తెలియలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక లండన్‌లో ఉన్న మా అమ్మాయి ఎప్పటిలాగే వీడియోలో కనిపించింది. ఎందుకంటే మన ఫోన్లకు పడమటి తీరం నుంచి కూడా దారులున్నాయి. ఇబ్బంది పడ్డది కెన్యా, టాంజానియా వైపు ఉన్నవాళ్లు. అంతకు ముందు ఫిబ్రవరిలో ఎర్రసముద్రంలో కొన్ని కేబుళ్లు తెగడంతో వాళ్ల మాటలు దక్షిణంగా మన మ్టుంజిని వైపు తిరిగి వెళ్తున్నాయి. ఇప్పుడు ఈ దారీ తెగింది. మన వాకిట్లో తీగ తెగితే దార్‌ ఎస్‌ సలాంలో తల్లికి ఫోన్ అందలేదన్నమాట.

సోమవారం నా ఫిజిక్స్ క్లాసులో ఈ సంగతి చెప్పాను. ఒక పిల్ల లేచి, "సార్, ఉపగ్రహాలు ఉన్నాయి కదా, సముద్రంలో తీగలెందుకు?" అని అడిగింది. దేశాల మధ్య సమాచారం దాదాపు అంతా సముద్రం కిందే వెళ్తుందని చెప్పినా నమ్మలేదు. ఆ పిల్ల కోసం మొదలుపెట్టిన చదువు ఇది. మీకూ చెప్పాలనిపించింది. నా తెలుగు గుడిలో శనివారం తరగతుల్లో నేర్చుకున్న తెలుగు. మాటల్లో తప్పులుంటే మన్నించండి.

మూడు కేబుళ్లలో సేఫ్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 2002లో పని మొదలుపెట్టిన ఈ కేబుల్ కేప్ తీరంలోని మెల్క్‌బోస్‌స్ట్రాండ్ దగ్గర బయలుదేరి, మ్టుంజినిలో గట్టెక్కి, రీయూనియన్, మారిషస్ తాకి, కేరళలోని కొచ్చి చేరి, అక్కడి నుంచి మలేషియాలోని పినాంగ్ దాకా వెళ్తుంది. మొత్తం సుమారు 13,500 కిలోమీటర్లు. ఆ ఊళ్ల పేర్లు ఒకసారి వరసగా చదవండి. నాటాల్, రీయూనియన్, మారిషస్, భారతదేశం, మలయా. మన పెద్దలను ఒప్పంద కూలీలుగా ఏ ఏ తీరాలకు తీసుకెళ్లారో ఆ తీరాలే. కేబుల్ వేసినవాళ్లు ఆ చరిత్ర చూసి వేయలేదు, వ్యాపారం చూసి వేశారు. అయినా దారి అదే.

1860లో ట్రూరో ఓడ మద్రాసు వదిలి డర్బన్ చేరడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. సేఫ్ కేబుల్ ఈ కొస నుంచి ఆ కొసకు వెలుగు సెకనులో పదిహేనో వంతులో చేరుతుంది. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు, శూన్యంలో వేగానికి మూడింట రెండు వంతులు. మిగతా లెక్క మీరే చేసుకోవచ్చు.

వెలుగు త్వరగా చేరుతుంది, సరే. చేరినప్పుడు ఎలా ఉంటుందన్నదే అసలు కథ.

గాజు తంతువు తల వెంట్రుకంత సన్నం. దాని మధ్యలో వెలుగు నడిచే భాగం మరీ సన్నం, మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. 1966లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న చార్లెస్ కావో, తన సహచరుడు జార్జ్ హాకమ్‌తో కలిసి, గాజులోని మలినాలు తీసేస్తే వెలుగు చాలా దూరం వెళ్తుందని లెక్క కట్టి చూపించాడు. దానికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటి గాజు ఎంత స్వచ్ఛమైనదంటే 80 కిలోమీటర్లు నడిచాక కూడా పంపిన వెలుగులో నూటికి రెండున్నర పాళ్లు మిగులుతుంది. తక్కువనిపిస్తోందా? 80 కిలోమీటర్ల మందం ఉన్న కిటికీ అద్దంలోంచి పగటి వెలుగు కనిపించడం ఊహించుకోండి. అలా అరవై నుంచి వంద కిలోమీటర్లకు ఒకచోట సముద్రం అడుగున ఒక పెట్టె ఉంటుంది. అందులో ఎర్బియం అనే లోహం కలిపిన గాజు తీగ వెలుగును మళ్లీ బలపరుస్తుంది. అయితే ఆ పెట్టెకు తెలివి లేదు. వచ్చిన మాటతో పాటు వచ్చిన రొదనూ పెంచుతుంది, తన రొద కొంచెం కలుపుతుంది కూడా. పెట్టె తర్వాత పెట్టె, ఆ రొద పేరుకుంటూ పోతుంది.

రొద ఒక కష్టం. రెండో కష్టం చెదరడం. దీన్ని మన కావడి ఊరేగింపుతో చెప్తాను. గుడి నుంచి భక్తులు వరసలు వరసలుగా బయలుదేరుతారు. కుర్రాళ్లు త్వరగా నడుస్తారు, ముసలివాళ్లు వెనకబడతారు. మూడు మైళ్లు నడిచేసరికి మొదటి వరసలో ముసలాయన, ఐదో వరసలో కుర్రాడు పక్కపక్కన ఉంటారు. ఎవరు ఏ వరసవాళ్లో చెప్పలేం. లేజర్ వెలుగు ఒకే రంగు అనుకుంటాం కానీ అందులోనూ కొంచెం కొంచెం తేడా ఉన్న రంగులుంటాయి. గాజులో ఒక్కో రంగుది ఒక్కో వేగం. సెకనుకు 1,000 కోట్ల మెరుపులు పంపితే గాజులో ఒక్కో మెరుపు పొడవు రెండు సెంటీమీటర్లే. మామూలు తంతువులో నూరు కిలోమీటర్లు వెళ్లేసరికి, ఒక నానోమీటరు తేడా ఉన్న రెండు రంగులు ముప్పై నాలుగు సెంటీమీటర్లు ఎడమవుతాయి. అంటే పదిహేడు వరసల దూరం.

పాతరోజుల్లో దీనికి మందు, మధ్య మధ్య విరుద్ధ గుణమున్న గాజు తీగను అతికించడం. ఒక తీగలో ముందుకెళ్లిన రంగు ఇంకో తీగలో వెనకబడుతుంది. ఇప్పుడు ఆ పని గణితం చేస్తోంది. ఇక్కడే సిగ్నల్ ప్రాసెసింగ్ అనే విద్య వస్తుంది.

దీన్ని నేను అర్థం చేసుకున్నది ఫిజిక్స్ పుస్తకం నుంచి కాదు, ఓడ జాబితాల నుంచి. 1860 నుంచి 1911 దాకా నాటాల్‌కు వచ్చిన 1,52,184 మంది పేర్లు ఆ జాబితాల్లో ఉన్నాయని మీకు తెలుసు. మీలో కొందరు వెస్ట్‌విల్‌లోని గాంధీ లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో కూర్చుని వెతికినవాళ్లే. మన తెలుగు పేర్లు ఎలా ఉంటాయక్కడ? మన అవ్వ చెప్పింది ఒకటి, ఇంగ్లీషు గుమాస్తాకు వినపడింది ఒకటి, అతని చెయ్యి రాసింది ఇంకొకటి. ఒత్తులు పోతాయి, పొట్టి అచ్చులు మారిపోతాయి, చివరి "మ్మ" ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి. కానీ పది జాబితాలు చదివాక మీకొక సంగతి పట్టుబడుతుంది. గుమాస్తా ఇష్టం వచ్చినట్టు తప్పు రాయలేదు. అతని చెవికి ఒక పద్ధతి ఉంది. "ళ" వస్తే "ల" రాస్తాడు, "ప్ప" వస్తే ఒక్క "ప" రాస్తాడు. ఆ పద్ధతి తెలిస్తే దాన్ని తిరగేసి, కాగితం మీది పాడైన పేరు నుంచి అవ్వ నోటి పేరు దాకా వెనక్కి నడవవచ్చు.

కొసన కూర్చున్న చిప్ చేసేది అచ్చంగా ఇదే. గాజు ఏ రంగును ఎంత ఆలస్యం చేస్తుందో దానికి తెలుసు. అంత ఆలస్యాన్ని తిరగేస్తుంది. ఊరేగింపు మళ్లీ వరసలు కడుతుంది.

అయితే తిరగేయాలంటే వెలుగు ఉందా లేదా అన్నది ఒక్కటే తెలిస్తే చాలదు. వెలుగు ఒక అల. ఆ అల పైకి లేస్తోందా, దిగుతోందా, దానిని దశ అంటారు, అదీ తెలియాలి. మామూలు గ్రాహకం ప్రకాశాన్నే చూస్తుంది, దశను చూడలేదు. మరి ఎలా? మన రామభజనలో శ్రుతి పెట్టె గుర్తు తెచ్చుకోండి. పాడేవాడి గొంతు ఒక్కటే వింటే అది హెచ్చో తగ్గో మనలో చాలామందికి తెలియదు. పక్కన శ్రుతి మోగుతుంటే చిన్న తేడా కూడా చెవికి తగులుతుంది. గ్రాహకం పక్కన కూడా ఒక సొంత లేజర్ పెడతారు. వచ్చిన వెలుగును ఆ లేజర్ వెలుగుతో కలుపుతారు. రెండూ కలిసినప్పుడు పుట్టే కంపనంలో దశ బయటపడుతుంది. ఈ ఆలోచన పాతదే. ఆ వేగంతో లెక్కలు చేయగల చిప్ కోసం ఆగాల్సి వచ్చింది. 2008లో నార్టెల్ కంపెనీ ఇలాంటి చిప్‌తో ఒక్కో రంగు మీద సెకనుకు 4,000 కోట్ల బిట్లు పంపే పరికరాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. సేఫ్ మొదలైన రోజుల్లో ఒక రంగుకు అందులో నాలుగో వంతు గొప్ప. ఇప్పుడు 40,000 కోట్లు, 80,000 కోట్లు మామూలు.

ఫలితం చూడండి. సేఫ్ కేబుల్ కట్టినప్పుడు దాని మొత్తం సామర్థ్యం సుమారు 130 గిగాబిట్లు. 2022లో లిస్బన్ వైపు నుంచి మెల్క్‌బోస్‌స్ట్రాండ్‌కు వచ్చిన ఈక్వియానో కేబుల్‌ది 144 టెరాబిట్లు, అంటే వెయ్యి రెట్లకు పైన. తంతువుల జతలు మాత్రం రెండు నుంచి పన్నెండుకే పెరిగాయి. మిగిలినదంతా ఒక్కో తంతువులోకి ఎక్కువ రంగులు, ఒక్కో రంగులోకి ఎక్కువ మాటలు ఎక్కించడం వల్ల వచ్చిందే. పాత కేబుళ్లకూ ఇది వరమైంది. సముద్రంలోని తీగను కదపకుండా ఒడ్డున ఉన్న పెట్టెలు మార్చి సామర్థ్యం పెంచుకున్నారు.

మరి నేర్చుకునే యంత్రం ఎక్కడ వచ్చింది? ఇక్కడ నాకు ఒక తేదీ చాలా ఇష్టం. 1960. మనవాళ్లు ట్రూరో శతాబ్ది జరుపుకున్న ఏడాది. ఆ ఏడు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ విడ్రో, ఆయన శిష్యుడు మార్షియన్ హాఫ్ ఒక చిన్న యంత్రం గురించి రాశారు. దానికి కొన్ని మీటలుంటాయి. యంత్రం ఒక జవాబు చెప్తుంది. సరైన జవాబుతో పోల్చి, తప్పు ఎటు తగ్గుతుందో చూసి, ప్రతి మీటనూ ఆ వైపు ఇంచుక తిప్పుతుంది. మళ్లీ జవాబు, మళ్లీ ఇంచుక. అంతే. ఈ ఒక్క సూత్రం నుంచి రెండు సంతానాలు కలిగాయి. ఒకటి న్యూరల్ నెట్‌వర్కులు, ఇవాళ అందరూ కృత్రిమ మేధ అంటున్నవి. రెండోది సిగ్నళ్లను సరిచేసే జల్లెడలు. 1965లో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ లక్కీ అలా తనంతట తాను సర్దుకునే పరికరాన్ని టెలిఫోన్ తీగలకు చేశాడు. అక్కచెల్లెళ్ల పిల్లల్లాగా వేరే వేరే ఇళ్లలో పెరిగి, యాభై ఏళ్ల తర్వాత గాజు తీగ దగ్గర మళ్లీ కలిశారు.

గాజు తీగలో ఈ సర్దుబాటు ఎందుకు కావాలంటే, వెలుగు అలకు ఊగే దిశ కూడా ఉంటుంది. ఒకే రంగు మీద అడ్డంగా ఒక సందేశం, నిలువుగా ఒక సందేశం పంపుతారు. కానీ దారిలో తీగ వంగుతుంది, వేడెక్కుతుంది, అలల తాకిడికి కదులుతుంది. ఆ దిశలు తిరిగిపోయి రెండు సందేశాలు కలగాపులగం అవుతాయి. ఎంత తిరిగాయో ముందే ఎవరికీ తెలియదు, క్షణక్షణం మారుతుంది కూడా. చిప్ దాన్ని వెంటాడాలి. సరైన జవాబు కూడా దాని దగ్గర ఉండదు. 1980లో డొమినిక్ గొదార్ ఒక ఉపాయం ప్రచురించాడు. పంపిన చుక్కలన్నీ కేంద్రానికి ఒకే దూరంలో ఉండేవని తెలిస్తే చాలు, చుక్కలు మళ్లీ ఆ వలయం మీదికి వచ్చేదాకా మీటలు తిప్పుతూ పో. జవాబు తెలియకపోయినా నేర్చుకోవచ్చన్నమాట. ఉపాధ్యాయుడిగా దీన్ని చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఈ వెంటాడటంలోంచి ఎవరూ అనుకోని లాభం ఒకటి వచ్చింది. ఇన్నాళ్లూ చిప్ ఆ తిరుగుడును లెక్కగట్టి, సరిచేసి, లెక్కను పారేసేది. లాస్ ఏంజెలెస్ నుంచి చిలీలోని వల్పరైసో వెళ్లే క్యూరీ అనే గూగుల్ కేబుల్‌లో ఆ లెక్కను పారేయకుండా దాచి చూశారు. సముద్రం అడుగున భూకంపం వస్తే తీగ కదిలి ఆ తిరుగుడులో కనిపించింది. కొన్ని నెలల్లోనే ఇరవై దాకా భూకంపాలు దొరికాయని 2021లో ప్రచురించారు. కొత్త పరికరం ఒక్కటీ సముద్రంలో దించలేదు.

ఇక మూడో కష్టం, అసలు మొండిది. వెలుగు బలహీనంగా ఉంటే రొదలో మునిగిపోతుంది, మరి బలంగా పంపితే సరిపోదా? సరిపోదు. 1875లో జాన్ కెర్ అనే స్కాట్లాండ్ ఆయన, గ్లాస్గోలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గణితం చెప్పేవాడు (మనవాడే అనుకోండి), విద్యుత్ బలం తగిలితే గాజు గుణం మారుతుందని గమనించాడు. వెలుగు కూడా విద్యుత్ అలే కదా. వెలుగు బలం పెరిగేకొద్దీ తాను నడిచే గాజునే మార్చేస్తుంది, ఆ మారిన గాజు మళ్లీ వెలుగును చెదరగొడుతుంది. పక్క రంగుల వెలుగు కూడా చెదరగొడుతుంది. పెళ్లి భోజనాల దగ్గర వినపడక ఒకరు గొంతు పెంచితే పక్కవాళ్లూ పెంచి, చివరికి ఎవరి మాటా ఎవరికీ వినపడని స్థితి.

దీన్నీ తిరగేయవచ్చు, ఎందుకంటే ఆ సమీకరణం తెలుసు. తీగను చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకుని, ఒక్కో ముక్కలో మొదట చెదరడాన్ని, తర్వాత కెర్ ప్రభావాన్ని, మళ్లీ చెదరడాన్ని, మళ్లీ కెర్‌ను వెనక్కి తిప్పుతూ రావాలి. వేల కిలోమీటర్లకు ముక్కలెన్నో లెక్కపెట్టండి. చిప్ వేడెక్కి, కరెంటు తినేసి, ఖర్చు భరించలేం. 2018లో క్రిస్టియన్ హేగర్, హెన్రీ ఫిస్టర్ అనే ఇద్దరు ఒక మంచి మాట అన్నారు. ఒక సాదా మెట్టు, ఒక వంకర మెట్టు, మళ్లీ సాదా, మళ్లీ వంకర. ఇది న్యూరల్ నెట్‌వర్క్ నిర్మాణమే కదా! అయితే సమీకరణం చెప్పినన్ని మెట్లు పెట్టకుండా కొన్నే పెట్టి, వాటి మీటలను యంత్రాన్నే నేర్చుకోనిద్దాం. తక్కువ మెట్లతో పని జరిగింది. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, వాళ్లు ఫిజిక్స్‌ను బయట పారేయలేదు. తెలిసినదాన్ని చట్రంగా ఉంచి, తెలియనిదాన్ని నేర్చుకోనిచ్చారు. అయినా నిజంగా సముద్రం కింద పనిచేస్తున్న పెట్టెల్లో ఇప్పటికీ ఎక్కువ భారం మోసేది పాత గణితమే. అంత వేగంతో పెద్ద న్యూరల్ నెట్‌వర్క్‌ను నడపడం ఖరీదైన పని.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న చోటికి వచ్చాను. 2017లో టోబియాస్ ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు ఒక హెచ్చరిక ప్రచురించారు. గాజు తీగను పరీక్షించేటప్పుడు యాదృచ్ఛికంగా కనిపించే ఒక బిట్ల వరసను పంపడం ఇంజినీర్ల అలవాటు. అది నిజంగా యాదృచ్ఛికం కాదు. ఒక చిన్న సూత్రం నుంచి పుడుతుంది, వెనకటి బిట్లలో రెండింటిని కలిపితే తర్వాతి బిట్ వస్తుంది. పాత గణితానికి దీనితో బాధ లేదు. కానీ న్యూరల్ నెట్‌వర్క్‌కు ఆ వరసతో శిక్షణ ఇచ్చి, అదే వరసతో పరీక్షిస్తే, అది గాజు గురించి నేర్చుకోదు. బిట్లు పుట్టే సూత్రాన్ని నేర్చేసుకుంటుంది. వచ్చిన వెలుగు ఎలా ఉన్నా తర్వాతి బిట్ ఏమిటో దానికి ముందే తెలుసు! ఫలితాలు అద్భుతంగా ఉంటాయి. నిజమైన మాటలు పంపిన రోజున చేతులెత్తేస్తుంది.

ఇది చదివి నాకు నా గుడి తరగతి గుర్తొచ్చింది. మొదటి రెండేళ్లు నేను పద్యాలన్నీ బట్టీ పట్టాను. మొదటి మాట అందిస్తే చివరిదాకా ఆగకుండా చెప్పేవాణ్ణి. పెద్దలు బుగ్గ గిల్లి మెచ్చుకునేవారు. ఒక శనివారం కొత్తగా వచ్చిన మాస్టారు పద్యం మధ్యలోంచి ఒక్క మాట తీసి, "దీని అర్థమేమిటి బాబూ?" అన్నారు. నాకు ఆ మాట విడిగా ఒక మాట అని కూడా తెలియదు. చెవులు ఎర్రబడేలా నిలబడ్డాను. ఆ రోజు నుంచే నాకు తెలుగు రావడం మొదలైంది.

ఈ కథ మా ఇంట్లో మళ్లీ జరిగింది. మా తమ్ముడి కొడుకు ఫైబర్ లైన్లు పరీక్షించే ఇంజినీరు. కిందటేడు మా గుడి కుటుంబాలవాళ్లు తమ తమ ఓడ జాబితా కాగితాలన్నీ ఒకచోట చేర్చారు. వాడు నేర్చుకునే ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. గుమాస్తా రాసిన పాడైన ఊరి పేరు ఇస్తే అసలు ఊరేదో చెప్పాలి. ఇదివరకే ఊరు నిర్ధారించుకున్న కుటుంబాల కాగితాలతో నేర్పాడు, కొన్ని కాగితాలు దాచి వాటితో పరీక్షించాడు. నూటికి తొంభై సరైన జవాబులు! గుడి హాల్లో చప్పట్లు కొట్టాం. మా మేనత్తకు డెబ్బై తొమ్మిదేళ్లు. తన అవ్వ పుట్టిన ఊరి మట్టి తొక్కాలని చిన్నప్పటి నుంచీ ఆమె కోరిక. కాగితంలో ఊరు "కోటూర్" అని ఉంది. ప్రోగ్రామ్ శ్రీకాకుళం వైపు కొత్తూరు అని చెప్పింది, ఎంతో నమ్మకంగా. అత్త ఆ వారమే సూట్‌కేసు దించమంది.

నాకు తొంభై అన్న అంకె మింగుడు పడలేదు. నా క్లాసులో అందరికీ తొంభై వస్తే నేను మొదట చూసేది ప్రశ్నపత్రాన్ని. వాణ్ణి అడిగాను. "దాచిన కాగితాలు ఎలా ఎంచావు నాయనా?" "కళ్లు మూసుకుని తీసినట్టే పెదనాన్నా, కంప్యూటరే ఎంచింది." "భర్త కాగితం నేర్పడానికి, భార్య కాగితం పరీక్షకు పోయి ఉండవచ్చా?" వాడు కాసేపు మాట్లాడలేదు. ఒకే ఓడలో, ఒకే గుమాస్తా, ఒకే రోజు రాసిన ఒకే ఊరి పేరు. అన్నదమ్ములూ, ఒకే ఊరి నుంచి కలిసి వచ్చినవాళ్లూ అంతే. పాఠంలో ఉన్న ప్రశ్నే పరీక్షలో వచ్చింది. ఆ రాత్రి వాడు ఓడల వారీగా విడదీసి, ఒక ఓడతో నేర్పి ఇంకో ఓడతో పరీక్షించాడు. సగం కూడా రాలేదు. పైగా నిర్ధారించుకున్న కుటుంబాల్లో ఎక్కువమంది విశాఖపట్నం వైపువాళ్లు కావడంతో, అనుమానం వచ్చినప్పుడల్లా ప్రోగ్రామ్ అటే మొగ్గింది.

అత్తకు ఈ సంగతి చెప్పడం నా వంతైంది.

చెప్పే ముందు ఒక పని చేశాను. గాజు తీగలో చివరి రక్షణ ఒకటుంది. పంపేటప్పుడే సందేశంతో పాటు నూటికి ఇరవై దాకా అదనపు బిట్లు పంపుతారు. అవి కొత్త సంగతి చెప్పవు, చెప్పినదాన్నే ఇంకో విధంగా ముడివేస్తాయి. ఆ ముళ్లుంటే నూటికి రెండు బిట్లు తప్పుగా వచ్చినా దాదాపు ఒక్క తప్పు కూడా లేకుండా సరిచేయవచ్చు. ఓడ జాబితాలోనూ ముళ్లున్నాయి. ఊరి పేరు పక్కన తండ్రి పేరు, కులం, తాలూకా, జిల్లా. మా దగ్గరున్న నకలులో జిల్లా గడి మీద సిరా మరక పడింది కాబట్టి ప్రోగ్రామ్‌కు ఆ గడి ఇవ్వలేదు. అత్తను వెంటబెట్టుకుని వెస్ట్‌విల్ వెళ్లి, మరింత స్పష్టమైన ప్రతి చూశాం. నేను కళ్లద్దాలు మార్చి మార్చి చూశాను. మొదట ఎన్ అక్షరం, చుక్క, తర్వాత ఏ, ఆర్. నార్త్ ఆర్కాట్. అంటే శ్రీకాకుళం కాదు, చిత్తూరు వైపు కావాలి. విశాఖపట్నం జిల్లా పేరు ఆ అక్షరాలతో మొదలవడానికి వీల్లేదు.

కానీ కొత్తూరు అంటే కొత్త ఊరు అనే కదా. అలాంటి పేరు ఆ పాత జిల్లాలో ఒక్క ఊరికే ఉంటుందని ఎవరు చెప్పగలరు? కొత్తూరో కొట్టూరో కోటూరో కూడా ఇంకా తేలలేదు. తాలూకా గడి ఖాళీగా ఉంది, గుమాస్తా రాయనే లేదు. రాయని బిట్‌ను ఏ గణితమూ వెనక్కి తేలేదు.

బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాం. "అత్తా, మీరు ఇంకో ఆర్నెల్లు ఆగితే వాడు జిల్లాలు కూడా కలిపి మళ్లీ నేర్పిస్తానంటున్నాడు" అన్నాను.

"ఆర్నెల్లు ఎవరిచ్చారురా నాకు?" అంది అత్త. "ఓడ ఎక్కింది మద్రాసులో కదా? అక్కడికి టికెట్టు తియ్యి. అక్కడి నుంచి అడుగుతూ పోతాను."

మా తమ్ముడి కొడుకు ఆమెకు తోడుగా జూలై సెలవుల్లో వెళ్తున్నాడు. ఫోన్‌లో ఆ పాత జిల్లాలో ఆ మూడు పేర్లున్న ఊళ్లన్నీ పటం మీద గుర్తు పెట్టుకుంటున్నాడు. అత్తకు ఆ పటం మీద నమ్మకం లేదు. తన తెలుగు మీద కూడా లేదు. మన యాస అక్కడివాళ్లకు అర్థమవుతుందో లేదోనని భయం. నిన్న సాయంత్రం గుడిలో నా చేతికి ఒక అట్టముక్క ఇచ్చి, ఊరి పేరు పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాసివ్వమంది, నోట అడిగి తెలియకపోతే అట్ట చూపిస్తానని. మూడు పేర్లూ రాశాను. వాటి కింద తన అవ్వ తండ్రి పేరు, కులం, జిల్లా, ఓడ ఎక్కిన సంవత్సరం కూడా రాసిచ్చాను.